నల్లమలా, అహోబిలమా, రోళ్లపాడా, లంకమలా: ఏ అడవికి ఎవరు పోవాలి?

దసరా సెలవులు దగ్గర పడ్డాయంటే హైదరాబాదు నుంచి మా బావ ఫోను వచ్చినట్టే. "ఈసారి మాల్స్, పార్కులు వద్దురా, అడవి చూపియ్యి. పులి కనబడేదైతే ఇంకా మంచిది" అంటాడు. నంద్యాలలో మా ఇల్లుంది కాబట్టి నల్లమల తాళంచెవి నా మొలతాడుకే కట్టి ఉంటుందని ఆయన నమ్మకం.

నేను అడిగేవి వేరే ఉంటాయి. ఎవరెవరొస్తున్నారు? పొద్దున ఐదింటికి లేస్తారా? రెండు మూడు గంటలు పాటలు పెట్టకుండా బండిలో కూర్చోగలరా? అత్తమ్మ మోకాళ్లు ఎట్లున్నాయి? ఇదంతా పెళ్లిచూపుల ఎంక్వైరీలా ఉందని మా అక్క విసుక్కుంటుంది. కానీ ఇన్నేళ్లుగా చుట్టాలను తిప్పి తిప్పి నాకు తెలిసింది ఇదే. ఏం కనబడుతుందో అడిగి అడవిని ఎంచుకున్నవాళ్లలో చాలామంది మొహం వేలాడేసుకుని వస్తారు. అక్కడ ఏం చేయనివ్వరో ముందే అడిగి, అందులో ఇమడగలమనుకుని పోయినవాళ్లు ఏమీ కనబడకపోయినా సంతోషంగానే వస్తారు. అందుకే కింద నాలుగు చోట్లనూ గేట్లను బట్టి, కట్టుబాట్లను బట్టి పోల్చాను.

రోడ్డు మనది, పక్కన చెట్టు కాదు

చాలామందికి ఒక గందరగోళం ఉంటుంది. "బస్సులు పోతున్నాయి కదా, మేం దిగి నాలుగడుగులు లోపలికి పోతే తప్పేంటి?" అంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ చెప్పేది సూటిగా ఇదీ: అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా పోకూడదు. అక్కడే కాపురముండేవాళ్లకు, డ్యూటీలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగులకు, లోపల భూమి ఉన్నవాళ్లకు, అందులో గుండా పోయే ప్రజా రహదారి మీద వెళ్లేవాళ్లకు మినహాయింపు. మనం ఆ ఆఖరి కోవలో వస్తాం. అంటే తారురోడ్డు మీద ఉన్నంతసేపే మనకు హక్కు. బండాపి వాగులోకి దిగితే పర్మిట్ అడిగే అధికారం గార్డుకు ఉంది.

పర్మిట్ దేనికి ఇస్తారో కూడా అదే చట్టం చెప్పింది. చూడటానికి, ఫొటోలకు, పరిశోధనకు, లోపలున్నవాళ్లతో న్యాయమైన పని ఉంటే దానికి. పుట్టినరోజు పార్టీ అందులో లేదు. జంతువును రెచ్చగొట్టడం, చెత్త పారేయడం కూడా అదే 27వ సెక్షన్‌లో నిషిద్ధమని చాలామందికి తెలియదు. చిప్స్ ప్యాకెట్ కిటికీలోంచి విసిరేయడం మర్యాద తప్పే కాదు, చట్టం తప్పు కూడా. నిప్పు పెట్టడం, ఆయుధంతో లోపలికి పోవడం వేరే సెక్షన్లు.

ఈ మాత్రం తెలిస్తే చాలు. మిగతాది ఆయా గేటు దగ్గర తేలుతుంది.

నల్లమల: పెద్ద అడవి, పెద్ద కట్టుబాట్లు

నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వు దేశంలోకెల్లా పెద్దది. 1978లో అభయారణ్యం చేశారు, 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఆవలి భాగం అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయింది. మన వైపు మిగిలిందే మూడు వేల చదరపు కిలోమీటర్లకు పైన. ఇంత అడవిలో పులి మన జీపు ముందుకే రావాలంటే దానికి కూడా మనమీద అంత ప్రేమ ఉండాలి. ఒక ట్రావెల్స్ అతను "పులి గ్యారంటీ సార్" అని మావాళ్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. కనబడినవి రెండు దుప్పులు, ఒక అడవికోడి, దారికడ్డంగా పడుకున్న గేదె. నల్లమలలో గ్యారంటీ ఇచ్చేవాడు దొరికితే ముందు అతన్ని వదులుకోండి.

అయినా వెళ్లొద్దనను. వెళ్లే దారి తెలిస్తే నల్లమలకు సాటి లేదు. కర్నూలు వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆత్మకూరు దాటాక బైర్లూటి ఉంది. అక్కడ అటవీ శాఖ జంగిల్ క్యాంపు పెట్టింది. రాత్రి ఉండొచ్చు, పొద్దున జీపులో తిప్పుతారు. శ్రీశైలం పోయేవాళ్లకైతే దోర్నాల ఘాట్‌లో తుమ్మలబయలు దగ్గర సఫారీ ఉంది. ఈ రెండింటిలో ఏది అంటే నేను బైర్లూటికే మొగ్గుతాను. తుమ్మలబయలుకు జనం శ్రీశైలం పోతూ పోతూ, మధ్యాహ్నం భోజనం చేసి, ఎండలో ఎక్కుతారు. ఆ వేళకు అడవి కూడా భోంచేసి పడుకుని ఉంటుంది. బైర్లూటిలో రాత్రి ఉన్నవాళ్లకు తెల్లవారుజాము దొరుకుతుంది. అడవిలో దేనికైనా ఆ గంటన్నరే విలువ.

మొదటిసారి పోయినప్పుడు మా జీపులో గైడుగా వచ్చినాయన చెంచు. లోపల బేస్ క్యాంపుల్లో ఉండి కాపలా కాసే ప్రొటెక్షన్ వాచర్లలో చాలామంది చెంచులే. మేమంతా దూరంగా కొండల మీదికి చూస్తుంటే ఆయన చూపు మాత్రం నేలమీదే ఉంది. ఒకచోట చెయ్యెత్తి బండి ఆపించాడు. దుమ్ములో ఒక పాదముద్ర, దాని అంచు ఇంకా రాలలేదు. "రాత్రిది కాదు సార్, పొద్దుటిది. మంచు పడినాక నడిచింది" అన్నాడు. ఎట్లా తెలుసని అడిగితే పక్కనున్న ఆకులు చూపించాడు. అన్నిటి మీదా మంచుతడి ఉంది, ఆ అడుగు కింద నలిగిన ఆకు మీద మాత్రం లేదు. మా బావ కొడుకు ఫోను జేబులో పెట్టుకున్నది ఆ రోజు మొత్తంలో ఆ ఐదు నిమిషాలే. వాడు ఇప్పటికీ పులిని చూశానని చెప్పుకుంటాడు. నేను సరిదిద్దను.

ఇక కట్టుబాట్లు. అన్నిటికంటే ముందుది గేటు టైము. శ్రీశైలం ఘాట్‌రోడ్డు రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు మూసేస్తారు. ఇది పుస్తకంలో ఉండి ఎవరూ పట్టించుకోని రూలు అనుకోకండి. అలా అనుకునే ఒకసారి నేను దెబ్బతిన్నాను. మార్కాపురంలో పెళ్లి చూసుకుని, "పది నిమిషాలే కదా లేటు, బతిమాలితే వదులుతార్లే" అని దోర్నాల చేరాం. గేటు పడిపోయి ఉంది. మా ముందు ఆరు కార్లు, ఒక పాల వ్యాను. బతిమాలాం. దేవుడి పేరు చెప్పాం, చంటిపిల్లను చూపించాం, తెలిసిన వాళ్ల పేర్లు కూడా చెప్పాం. గార్డు ఒకటే మాట: "మీకు ఒకరోజు సార్, మాకు రోజూ ఇదే." ఆ రాత్రి కార్లోనే పడుకున్నాం. దోమలకు మేమే బ్రహ్మోత్సవాలు. తప్పు నాదే, వాళ్లది కాదు. తెల్లారి గేటు తీశాక రెండు కిలోమీటర్లు పోకముందే దుప్పుల మంద రోడ్డు దాటుతోంది. అది చీకట్లో, ఘాట్ మలుపులో ఎదురైతే ఏమయ్యేదో అప్పుడు అర్థమైంది. రాత్రంతా రోడ్డు వాటిది.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. దోర్నాల నుంచి శ్రీశైలం యాభై కిలోమీటర్లు అటూ ఇటూ, ఘాట్‌లో గంటన్నర. సాయంత్రం ఏడుకల్లా దోర్నాలలో ఉండేలా చూసుకోండి. దారిలో టీకి, ఇంకొకదానికి ఆగాలి కదా. ఆగేది దోర్నాలలోనే ఆగండి, ఘాట్‌లో కాదు.

రెండోది సీజను. జూలై నుంచి సెప్టెంబరు దాకా పులులు జతకట్టే కాలమని సఫారీలు, అడవి లోపలి యాత్రలు ఆపేస్తారు. ఇది తెలియక దసరా అనుకుని బుక్ చేయబోయేవాళ్లు ఒకసారి క్యాలెండరు చూసుకోవాలి. కొన్నేళ్లు దసరా సెప్టెంబరు ఆఖర్లోనే పడుతుంది, అప్పటికి గేటు ఇంకా మూసే ఉంటుంది. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అడవి పచ్చగా, అందంగా ఉంటుంది, కానీ ఆ పచ్చదనం వెనకే జంతువులన్నీ దాక్కుంటాయి. మార్చి వచ్చి ఆకు రాలితే చూపు లోపలిదాకా పోతుంది. వాగులెండిపోతాయి కాబట్టి అటవీ శాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్ల (పళ్లెంలాంటి నీటితొట్ల) దగ్గరికి జంతువులు వస్తాయి. జంతువులు చూడాలంటే మార్చి, ఏప్రిల్. కానీ అవి రాయలసీమ ఎండలు. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వద్దే వద్దు. పైగా ఆ నెలల్లో అగ్గిపెట్టె, లైటరు చెక్‌పోస్టులో అడిగినా అడక్కపోయినా మీరే ఇంట్లో వదిలి రండి. ఎండిన వెదురు పొదకు ఒక బీడీ ముక్క చాలు.

కోతులకు అరటిపండ్లు వేయడం గురించి ఒక్క మాట. ఘాట్‌లో కారాపి పిల్లల చేత వేయిస్తారు, ఫొటో తీస్తారు, పుణ్యమనుకుంటారు. ఆ తిండికి అలవాటుపడి కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి, వెనకాలొచ్చే లారీ కింద పడతాయి. ఆ పుణ్యం లెక్క మీరే చూసుకోండి.

ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి పోవాలా, సఫారీకి పోవాలా అని చాలామంది అడుగుతారు. శ్రీశైలం–దోర్నాల దారిలోంచి అడవి లోపలికి, రాళ్లదారిలో జీపు ప్రయాణం, చివర కొంత నడక. అమ్మవారి నుదుట బొట్టు పెడితే మెత్తగా తగులుతుందని భక్తుల నమ్మకం. జీపులు లెక్కగానే వదులుతారు. దారి ఎట్లుంటుందంటే, మా అక్క దిగాక "అమ్మవారి కోరిక తీరిందో లేదో గానీ నా నడుం కోరిక మాత్రం తీరింది" అంది. నడుం నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు దీన్ని పక్కన పెట్టండి. భక్తి ఉండి ఒళ్లు గట్టిగా ఉన్నవాళ్లకు మాత్రం ఇది సఫారీకంటే మంచి అడవి ప్రయాణం. జనం జంతువుల కోసం కాకుండా దేవత కోసం పోతారు కాబట్టి అరుపులు తక్కువ. జంతువులు ఎక్కువగా కనబడేది కూడా ఇక్కడేనని నా అనుమానం.

అహోబిలం: మొక్కుకుని అడవిలోకి

అత్తమ్మ వస్తున్నారంటే నా ఓటు అహోబిలానికి. ఆళ్లగడ్డ మీదుగా పోవాలి. ఇదీ నల్లమలే, కానీ ఇక్కడ అడవి గుడి వెంట వస్తుంది. నవ నారసింహ క్షేత్రాలు తొమ్మిదీ ఒకేలా ఉండవు. ఎవరికి ఏవి అన్నది ముందే పంచుకుంటే గొడవ ఉండదు.

దిగువ అహోబిలం చుట్టూ ఉన్న యోగానంద, ఛత్రవట నరసింహులకు బండి పోతుంది. కారంజ నరసింహస్వామి గుడి ఎగువకు పోయే దారి పక్కనే. పెద్దవాళ్లకు ఇవి చాలు, ఎగువ అహోబిలం ప్రధాన ఆలయంతో కలిపి నాలుగు. అక్కడ నుంచి భవనాశి వాగు వెంట జ్వాలా నరసింహ దాకా నడక. రాళ్ల మీద, మెట్ల మీద, వాగు దాటుతూ పోవాలి. నడవలేని వాళ్లకు డోలీలున్నాయి. మోసేవాళ్లతో ముందే బేరం మాట్లాడుకోండి, సగం దారిలో మాట్లాడుకునే బేరం ఎప్పుడూ మనకు నష్టమే. జ్వాలా నరసింహ గుడి మీద కొండ అంచు నుంచి నీళ్లు పడుతుంటాయి. వానలు ఆగిన కొత్తలో పోతే స్వామి దర్శనానికి ముందే మనకు అభిషేకమవుతుంది. ఆపైన ఉగ్రస్తంభం. మోకాళ్లూ గుండె ధైర్యమూ రెండూ ఉన్నవాళ్లకే. వాన పడుతుంటే ఆ రెండూ ఉన్నా వద్దు.

పావన నరసింహకు జీపులో అడవి లోపలికి పోవాలి. అటవీ శాఖ అనుమతి ఉన్నప్పుడే బండ్లు కదులుతాయి, వాళ్లు ఆపితే ఆగిపోతాయి. ముందురోజు అహోబిలంలోనే అడిగి కనుక్కోవాలి, ఊళ్లో బయలుదేరేటప్పుడు ఫోనులో ఎవరో చెప్పిన మాట పట్టుకోకూడదు. చీకటి పడకముందు తిరిగి రావాలి. గుడి అంటే రాత్రిపూట కూడా పోవచ్చనుకునేవాళ్లకు ఇక్కడ చిక్కొస్తుంది. గుడి స్వామిదే, దారి మాత్రం అభయారణ్యంలోది.

అహోబిలంలో నాకిష్టమైంది ఇంకొకటుంది. ఇక్కడి స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడాడు, అంటే చెంచుల అల్లుడు. సంక్రాంతి తర్వాత పారువేట ఉత్సవానికి స్వామి బయటికొచ్చి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతాడు, తన కల్యాణానికి రమ్మని పిలుస్తాడు. ఆ రోజుల్లో పోతే గుళ్లో ఉత్సవమూర్తి ఉండడు, దారిలో ఏ ఊరి చావడిలోనో కనబడతాడు. అత్తమ్మ లాంటివాళ్లకు ఇది పులి కంటే పెద్ద సంగతి.

రోళ్లపాడు: చిన్నది, ఒక్క పొద్దుటి పని

చిన్నపిల్లలుంటే నేను తీసుకుపోయేది ఇక్కడికి. కర్నూలు నుంచి నందికొట్కూరు దాటి పోవాలి. అడవి అనుకుని వచ్చేవాళ్లు ముందు తికమక పడతారు. చెట్లేవి? లేవు. ఇది గడ్డినేల. 1988లో బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసమే అభయారణ్యం చేశారు. వైశాల్యం 6.14 చదరపు కిలోమీటర్లు, అంటే నల్లమల జేబులో వేసుకుంటే కనబడనంత.

నిజం ముందే చెప్తాను. బట్టమేక పిట్టను చూడాలని పోకండి. మనిషి నడుం ఎత్తుండే ఆ పక్షి ఏడాదికి ఒక గుడ్డు పెడుతుంది, అదీ నేలమీద. కుక్క తొక్కినా, గొర్రెల మంద తొక్కినా ఆ ఏడాది అంతే. చుట్టూ అలగనూరు రిజర్వాయరు, కాలువలు వచ్చి మెట్టపంటలు పోయి నీటిపంటలు వచ్చాయి. రైతుకు మంచిదే, ఆ పిట్టకు మాత్రం నేల దొరకలేదు. దేశంలో మిగిలినవి నూటయాభై లోపు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. ఇక్కడ బోర్డు మీద ఉన్న బొమ్మే ఇప్పుడు గట్టిగా కనబడే బట్టమేక.

మరి ఎందుకు పోవాలంటే కృష్ణజింకల కోసం. మన రాష్ట్ర జంతువది. ఒక జనవరి పొద్దున, ఏడు కూడా కాలేదు, మా చెల్లెలి కూతురు వాచ్‌టవర్ మీద నా భుజాన కూర్చుంది. గడ్డి మీద మంచు పొగలా ఉంది. ముందు కొమ్ములు కనబడ్డాయి, మెలి తిరిగి, గడ్డిలోంచి మొలిచినట్టు. తర్వాత నల్లటి వీపు, తెల్లటి పొట్ట. దాని వెనక పదిహేను ఆడజింకలు. దూరంగా ట్రాక్టరు స్టార్టయిన చప్పుడుకు మొత్తం మంద ఒక్కసారి గాల్లోకి లేచింది. నాలుగు కాళ్లూ ఒకేసారి నేల వదిలి, బంతి పడి లేచినట్టు. పాప "మామా, ఎగురుతున్నాయి!" అని అరిచి, వెంటనే తనే రెండు చేతులతో నోరు మూసుకుంది. మూసుకోమని ఎవరూ చెప్పలేదు.

ఇక్కడి కట్టుబాట్లు తేలికే. పొద్దున్నే రావాలి, కాపలా మనిషికి చెప్పి లోపలికి పోవాలి, బాటలోనే నడవాలి. గడ్డిలోకి దిగకూడదు, నేలమీద గూళ్లుంటాయి. కుక్కను తేకూడదు. ముదురు రంగు బట్టలేసుకుంటే ఆ బయలులో మైలు దూరం నుంచే మిమ్మల్ని చూసి జింకలు వెళ్లిపోతాయి. చలికాలం సాయంత్రాల్లో బయటి దేశాల నుంచి వచ్చిన డేగజాతి పిట్టలు గడ్డిలో దిగి పడుకుంటాయి, పక్షులు చూసేవాళ్లకు అది కూడా ఒక పండగే. తిండి దొరకదు. నందికొట్కూరులోనే ఉగ్గాని, బజ్జీ కట్టించుకుని పోండి, కాగితం తిరిగి తెచ్చుకోండి.

చుట్టూ ఉన్న రైతులతో జింకల గురించి మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. మనకు ముచ్చటగా కనబడేవే రాత్రి వాళ్ల శనగచేనులో దిగుతాయి. "ఎంత బాగున్నాయో" అని మా బావ ఒకాయనతో అన్నాడు. "మీ ఇంటికి తీసుకపోండి సార్, నాలుగిస్తా" అన్నాడాయన నవ్వకుండా.

లంకమల: తెలిసినవాళ్లు ఉంటేనే

కడప వాళ్లు నన్ను తిట్టుకుంటారు గానీ, కుటుంబంతో మొదటిసారి అడవి చూసేవాళ్లకు లంకమలను చివరనే పెడతాను. అందం తక్కువై కాదు. సిద్ధవటం కోట చూసి, పెన్న దాటి, నిత్యపూజకోన వైపు పోతుంటే ఆ లోయలు, వానల తర్వాత జలపాతం, శివాలయం, అన్నీ బాగుంటాయి. ఇబ్బంది ఎర్రచందనంతో. ప్రపంచంలో సహజంగా ఈ శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలికొండల చుట్టుపక్కలే పెరిగే చెట్టది. దాని దొంగరవాణా వల్ల ఇక్కడ గార్డుకు ప్రతి కొత్త మొహమూ అనుమానమే. బ్యాగులేసుకుని, కత్తులూ గొడ్డళ్లూ లేకపోయినా, ఐదారుగురు కుర్రాళ్లు బాట వదిలి తిరుగుతుంటే ఆపుతారు, అడుగుతారు, ఆపడం వాళ్ల పని. మా పిన్ని కొడుకు స్నేహితులతో కలిసి ఎండిన చెక్కముక్క ఒకటి "జ్ఞాపకంగా" జేబులో వేసుకున్నాడు. అదృష్టం, అది ఏ చండ్రచెట్టుదో అయింది. అయినా రెండు గంటలు చెక్‌పోస్టులో కూర్చున్నారు. అడవిలోంచి పుల్ల, రాయి, ఈక ఏదీ తేకూడదన్న మాట వాడికి ఇప్పుడు మంత్రంలా వస్తుంది.

పక్షుల పిచ్చి ఉన్నవాళ్లకు లంకమల అంటే కలివికోడి. 1848లో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు లోకానికి చెప్పిన పక్షి, 1900 తర్వాత ఎవరికీ కనబడక పోయిందనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ముళ్లపొదల్లో ఒక స్థానిక వేటగాడి చేతికి చిక్కింది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు అదేనని తేల్చారు. దాని కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ పక్షి రాత్రి తిరిగేది. మనకు రాత్రి ప్రవేశం లేదు. కాబట్టి కలివికోడిని చూసి రావాలనే ఆలోచన మొదట్లోనే మానుకోండి. టార్చి లైట్లతో చాటుగా దూరేవాళ్లు పక్షిని ప్రేమించేవాళ్లు కాదు. అది బతికేది అందమైన చెట్ల కింద కాదు, జనం "పనికిరాని కంప" అనే రేగు, తుమ్మ పొదల మధ్య. పగలు ఆ కంపను రోడ్డు మీద నిలబడి చూసినా చాలు.

శివరాత్రికి అడవిదారుల్లో కోనలకు నడిచిపోయే అలవాటు పాత కడప జిల్లా అంతా ఉంది. ఒంటరిగా, చీకట్లో పోకండి. 2025 ఫిబ్రవరిలో ఓబులవారిపల్లె మండలం వై.కోట దగ్గర అలా నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ప్రాణాలు పోయాయి. పండగ రోజు జనం ఎక్కువ కదా, భయమేంటని అనుకుంటాం. ఏనుగుకు క్యాలెండరు తెలియదు.

నల్లమలలోనూ శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను మీదుగా కైలాసద్వారం చేరి శ్రీశైలం పోయే పాత నడకదారి ఉంది. కర్ణాటక భక్తులు ఉగాదికి వేలల్లో నడుస్తారు. అది అటవీ శాఖ ఆ కొన్ని రోజులకే వదిలే దారి. "మామూలు రోజుల్లో ట్రెక్కింగ్ చేద్దాం" అని ఎవరైనా పిలిస్తే పోకండి.

ఖర్చు లేని రెండు దారులు

ఇవేవీ కుదరని వాళ్లకు నా దగ్గర ఒక రహస్యముంది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలెక్కండి. గాజులపల్లి దాటాక నల్లమల మొదలవుతుంది. చెలమ, దిగువమెట్ట, మధ్యలో సొరంగం. కుడివైపు, ఎడమవైపు అని ఏం లేదు, ఏ కిటికీ అయినా అడవే. చుట్టూ ఉన్నది గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం, 1990లో ప్రకటించారు, దాదాపు 1,200 చదరపు కిలోమీటర్లు. పర్మిట్ వద్దు, నడక వద్దు, గేటు టెన్షన్ లేదు. మా నాన్నకు ఎనభై దాటాక నల్లమల చూపించింది ఈ రైలే. ఆయన దారంతా చెట్ల పేర్లు చెప్పుకుంటూ వచ్చాడు: మద్ది, ఏపి, బిల్లుడు, మోదుగ. సొరంగంలో కూడా ఆపలేదు. చిన్నప్పుడు తిరిగిన అడవి కదా.

అనంతపురం వైపు వాళ్లు నల్లమల దాకా రాలేకపోతే హిందూపురం దగ్గర చిలమత్తూరు మండలం వీరాపురం పోయి రావచ్చు. ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుంటాయి. సైబీరియా నుంచి వస్తాయని అందరూ చెప్తారు గానీ ఆ జాతి మన దేశంలోనే చోటు మారుతూ తిరిగేది. ఊరివాళ్లు వాటిని ఆడబిడ్డల్లా చూసుకుంటారు. అక్కడ గేటు లేదు, కాపలా అంతా ఊరే. టపాసులు కాల్చకండి, చెట్టెక్కకండి.

ఇంతకీ ఈ దసరాకు మా బావకు ఏం చెప్పానంటారా? వాళ్లు ఆరుగురు. అత్తమ్మ ఉన్నారు, ఆరేళ్ల మనవరాలు ఉంది, పదహారేళ్ల కుర్రాడున్నాడు. మొదటి రోజు అహోబిలం, అత్తమ్మకు దిగువ గుళ్లు, కుర్రాడికి నాతో జ్వాలా నరసింహ. రెండో రోజు తెల్లవారకముందే బయలుదేరి రోళ్లపాడు. మూడో రోజు గిద్దలూరు రైలు, తిరుగు రైలుకు నంద్యాల. "మరి పులి?" అన్నాడు ఫోనులో. మార్చిలో రా బావా, బైర్లూటిలో రాత్రి ఉందాం, ఒక్కడివే రా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఎండలు ఎట్లుంటాయి అప్పుడు?" అని అడిగాడు.